మా యింటి ఏసీ యంత్రము

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు చెప్పుదురు. గుంటూరులో నివసించువారికి ఈ సామెతకు వ్యాఖ్యానము అక్కఱలేదు. ఉదయము పదునొకండు గంటలు మొదలుకొని సాయంకాలము అయిదు గంటలవఱకు వీథులు నిర్మానుష్యములై యుండును. కుళాయి త్రిప్పినచో వేడినీరు వచ్చును. పడమటి గోడను తాకినచో చేయి వెనుకకు తీసికొనవలసియుండును. ఈ వేడి అసౌకర్యము మాత్రమే కాదు, ప్రాణాంతకము కూడ. 2015 వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా అసువులు బాసిరి. కావున వేసవియందు ఒక ముసలి ప్రాణమును చల్లగా నుంచుట విలాసము కాదు, అవసరము.

మా తల్లిగారికి డెబ్బదియాఱు సంవత్సరములు. గుండె బలహీనమైనది. వేసవి మధ్యాహ్నములందు ఆమెను చల్లని గదిలోనే యుంచవలెనని వైద్యులు చెప్పినందున, కొన్ని యేండ్ల క్రిందట ఒకటిన్నర టన్నుల ఏసీ యంత్రమును కొని ఆమె గదిలో బిగింపించితిమి. టన్ను అనునది యంత్రపు బరువని మా యింటికి వచ్చువారిలో పలువురు తలంచుచుందురు. అది బరువు కాదు. 2,000 పౌనుల మంచుగడ్డ 24 గంటలలో కరగుటకు ఎంత వేడి కావలెనో, అంత వేడిని అంతే కాలములో గదినుండి వెలుపలికి తోడివేయు శక్తికి ఒక టన్ను అని పేరు. మంచుగడ్డలతో చల్లదనము కల్పించుకొనిన దినములనుండి ఈ కొలత మిగిలియున్నది. అమెరికాలోని ఫ్లారిడాలో జాన్ గోరీ యను వైద్యుడు జ్వరపీడితులకు చల్లదనము కల్పింపగోరి, మంచు చేయు యంత్రమును నిర్మించి, 1851 లో దానికి పేటెంటు పొందెను. 1902 లో విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు, బ్రూక్లిన్ నందలి యొక ముద్రణాలయములో కాగితములు తేమకు సాగి ముద్రణ చెడకుండుటకై, గాలియందలి తేమను అదుపులో నుంచు ఏర్పాటును రూపొందించెను. ఒకరు రోగులను, ఒకరు కాగితములను తలంచి చేసిన ప్రయత్నములు కాలక్రమమున మా తల్లిగారి మంచము వఱకు వచ్చినవి.

ఈ సంగతులన్నియు మేమెఱుగుదుము. భౌతికశాస్త్రము బోధించుట మా వృత్తి. అన్నియు ఎఱిగియు మేమెట్లు పొరపడితిమో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

గత వేసవిలో ఒక శనివారమునాడు యంత్రమును శుభ్రపఱచుటకు ఒక యువకుని పిలిపించితిమి. అతడు పూర్వము మా తరగతిలో చదివినవాడే. కడపటి బల్లమీద కూర్చుండెడివాడు. ప్రశ్న వేసినచో లేచి నిలుచుండి నేలచూపులు చూచెడివాడు. మా పరీక్షలో అతనికి వచ్చిన మార్కులను గూర్చి యిచ్చట చెప్పనక్కఱలేదు. పదవ తరగతి ముగిసినపిమ్మట ఐ. టి. ఐ. లో చేరి, ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేయు పని నేర్చుకొని, దానితో తన యింటివారిని పోషించుకొనుచున్నాడు.

అతడు ఆనాడు రెండుగంటలు పనిచేసెను. వడపోత జాలీలను కడిగెను. లోపలి యంత్రమును, డాబామీద నున్న వెలుపలి యంత్రమును నీటి పంపుతో శుభ్రపఱచెను. గోడమీది స్టెబిలైజరును దించి, దుమ్ము తుడిచి, మరల తగిలించెను. వెళ్ళునపుడు గుమ్మమునొద్ద నిలిచి, “మాస్టరుగారూ, బీరువా వెనుకనున్న ఆ ప్లగ్గు వేడెక్కుచున్నదండి. సాకెట్టు వదులైనది. మార్పించుట మంచిది” అనెను.

మేము వార్తాపత్రిక చదువుచుంటిమి. తల యెత్తకయే “చూతములే” అంటిమి. మా మనస్సులో మెదలిన మాట వేఱు. ‘వీడు ఇంకొక పని కల్పించి ఇంకొక కూలి అడుగగోరుచున్నాడు’ అని యనుకొంటిమి. పైకి అనకున్నను అనుకొన్నమాట నిజము; వ్రాయుటకు కూర్చున్నప్పుడు దాచుట తగదు.

మఱునాడు ఆదివారము. మధ్యాహ్నము పండ్రెండున్నర గంటలకు మా తల్లిగారి గదిలో యంత్రము టక్కున ఆగిపోయెను. రిమోటు నొక్కితిమి, పలుకలేదు. మరల నొక్కితిమి, పలుకలేదు. గది తలుపు తెఱచిన కొలదినిమిషములకే వెలుపలి వేడి లోపలికి వచ్చి నిలిచెను.

లోపమును వెదకుట యందు మేము క్రమముననే ప్రారంభించితిమి. ముందుగా రిమోటును పరీక్షించితిమి. రిమోటునుండి వెలువడు కిరణము మన కంటికి కనబడదు గాని, చరవాణియందలి కెమెరాకు అనేక సందర్భములలో కనబడును. ఈ పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి చదువుచున్న మా కుమార్తె చరవాణిని ఎదుట పట్టుకొనగా, మేము మీట నొక్కితిమి. తెరమీద చిన్న వెలుగు మినుకు మినుకు మనెను. రిమోటు బాగుగనే యున్నది. తరువాత ఇంటిలో కరెంటు ఉన్నదా యని చూచితిమి. పంఖాలు తిరుగుచున్నవి. ఏసీకి ప్రత్యేకముగ నున్న ఎం. సి. బి. మీట పైకే యున్నది. స్టెబిలైజరును చూచితిమి. దాని ముఖముమీద వోల్టులు చూపు అంకెలు లేవు. దీపము లేదు. అంతటను చీకటి.

అప్పుడు బీరువా వెనుకకు చేయి దూర్చి, ప్లగ్గును ఊడబెఱికి, దాని మొగము చూడకయే ప్రక్కకు వదలితిమి. టెస్టరును సాకెట్టు రంధ్రములో నుంచితిమి. టెస్టరులోని చిన్న దీపము ఎఱ్ఱగా వెలిగెను. (విద్యార్థులు ఇట్టి పని ఎన్నడును చేయరాదు.) ఇంకేమి కావలెను? కరెంటు సాకెట్టువఱకు వచ్చుచున్నది. స్టెబిలైజరు వెలుగుటలేదు. కావున చెడినది స్టెబిలైజరే. గదిలో కమురు వాసన కూడ వచ్చుచున్నది. నిన్న దానిని దించి మరల ఎక్కించినవాడెవ్వడు? మా తర్కము రేఖాగణిత సిద్ధాంతమువలె నడచి, ఆ యువకుని మెడమీద వచ్చి నిలిచెను.

ఆ లోపుగా గదిలోని వేడి పెరుగుచుండెను. పంఖా తిరుగుచున్నను ఫలము లేకపోయెను. శరీరపు వేడిని మించిన గాలిని పంఖా విసరినచో ఆ గాలి వేడినే తెచ్చును. చర్మముమీది చెమట ఆరుటవలననే అప్పుడు కొంత చల్లదనము కలుగును. వృద్ధులకు చెమట పట్టుట తక్కువ. మా తల్లిగారు కన్నులు మూసికొని యుండిరి. పిలిచినచో ఆలస్యముగా పలుకుచుండిరి. నాలుక యెండియుండెను. వైద్యునికి ఫోను చేయగా, “తడిబట్టలతో ఒడలు తుడువుడు, ఉప్పు, పంచదార కలిపిన నీరు కొంచెము కొంచెముగా త్రాగింపుడు, మాట తడబడినచో క్షణమైన ఆలస్యము చేయక ఆస్పత్రికి తీసికొనిరండు” అని చెప్పెను.

మాకు కలిగిన భయము కోపముగా మాఱెను. ఆ యువకునికి ఫోను చేసితిమి. “నిన్న నీవు ముట్టిన యంత్రము నేడు చచ్చినది. బడిలో నున్నప్పుడును నీకు శ్రద్ధ లేదు, ఇప్పుడును లేదు. మా అమ్మకేమైన నైనచో ఆ పాపము నీదే” అంటిమి. మా కుమార్తె ప్రక్కనే నిలిచి వినుచుండెను. మంచముమీద మా తల్లిగారును వినుచుండిరని తరువాత తెలిసినది.

ఆవల కొంతసేపు మాట లేదు. పిమ్మట, “మామ్మగారి మెడకు, చేతులకు తడిబట్టలు వేయండి మాస్టరుగారూ. నేను వచ్చుచున్నాను” అని మాత్రము వినబడెను.

అతడు ఊరికి ఆ చివరనుండి రావలసినవాడు. మిట్టమధ్యాహ్నపు టెండలో తలకు తడితువాలు చుట్టుకొని మోటారుసైకిలుమీద వచ్చెను. వచ్చినవాడు స్టెబిలైజరు వంక చూడలేదు. ముందుగా మా తల్లిగారి యొద్దకు పోయి, “మామ్మగారూ, ఎట్లున్నదండి?” అని యడిగెను. తడిబట్టల మూలమున ఆమెకు అప్పటికి కొంత తెలివి వచ్చినది. ఆమె కన్నులు తెఱచి, మా వైపు చూచి, “నాయనా, ముందు ఆ పిల్లవానికి మజ్జిగ ఇయ్యి” అనిరి. ఎండలో వచ్చినవానికి మంచినీళ్ళైన ఇయ్యవలెనను మాట మాకు తోచనేలేదు.

మజ్జిగ త్రాగి అతడు పనికి దిగెను. ఎం. సి. బి. మీటను దించెను. బీరువాను ముందుకు జరిపెను. ముంజేతి వెనుకభాగమును సాకెట్టు పలకకు దగ్గఱగా నుంచి, “ఇంకను వెచ్చగనే యున్నది” అనెను. వ్రేలాడుచున్న ప్లగ్గును దీపపు వెలుగులో పట్టి మాకు చూపెను. మూడు పిన్నులలో ఒకటి బొగ్గువలె నల్లబడియుండెను. దాని చుట్టును ప్లాస్టిక్కు కరగి పొంగియుండెను. సాకెట్టు పలకను విప్పగా, లోపల న్యూట్రలు తీగ కాలి, తన స్థానమునుండి విడిపోయి యుండెను. కమురు వాసన పుట్టిన చోటు అది. స్టెబిలైజరు నిరపరాధి.

మా అహంకారము అప్పటికిని ఓటమి నొప్పుకొనలేదు. “టెస్టరు వెలిగినది గదా! కరెంటు లేకున్న ఎట్లు వెలుగును?” అని వాదించితిమి.

అతడు సంచిలోనుండి ఒక బల్బు హోల్డరును తీసెను. దానికి రెండు తీగలున్నవి. మమ్ము దూరముగా నిలువుమని చెప్పి, మీట యెత్తి, ఆ రెండు తీగలను సాకెట్టు యొక్క రెండు రంధ్రములకు తగిలించెను. బల్బు వెలుగలేదు. మరల మీట దించి, నెమ్మదిగా ఇట్లనెను: “టెస్టరు ఒక్క రంధ్రము సంగతియే చెప్పునండి. కరెంటు వచ్చినదని చెప్పును గాని, తిరిగి పోవుటకు దారి ఉన్నదో లేదో చెప్పదు. తరగతిలో మీరే చెప్పితిరి గదా మాస్టరుగారూ, వలయము పూర్తి కానిదే విద్యుత్తు ప్రవహింపదని!”

మేము తల వంచుకొంటిమి. టెస్టరులోని దీపము మన శరీరముగుండ నేలకు పోవు అత్యల్ప ప్రవాహముతో వెలుగును. యంత్రము నడచుటకు వచ్చు తీగ యెంత ముఖ్యమో, పోవు తీగయు అంత ముఖ్యము. ఇది ప్రతి సంవత్సరము నల్లబల్లమీద మేము గీయు బొమ్మయే. కడపటి బల్లవాడు దానిని జ్ఞాపకముంచుకొన్నాడు. బొమ్మ గీసినవారము మఱచితిమి.

ఆ సాకెట్టు ఏల కాలెను? ఆ ప్రశ్నకు సమాధానము మా కుమార్తె చెప్పెను. “నాన్నగారూ, ప్రతి ఉదయము మనము ఆ ప్లగ్గు ఊడదీసి ఇస్త్రీపెట్టె పెట్టుచున్నాము గదా! నిన్న ఈ అన్న చెప్పినాడు, అది వదులైనదని. మీరు పేపరు చదువుచుంటిరి.” వదులైన అతుకు విద్యుత్తునకు ఇఱుకుదారి వంటిది. ప్రవాహమును దానిచేతనే హెచ్చవేసి, నిరోధముచే మరల హెచ్చవేయగా వచ్చునంత వేడి అచ్చట పుట్టునని జౌలు అను శాస్త్రజ్ఞుడు 1841 లో ప్రకటించెను. మా యంత్రము సుమారు 8 ఆంపియర్ల ప్రవాహమును తీసికొనును. ఆ వదులు అతుకునందు ఒక్క ఓము నిరోధమున్నదనుకొన్నను, ఎనిమిది ఎనిమిదులు అఱువదినాలుగు వాట్ల వేడి పుట్టును. గోడలోని చిన్న పెట్టెలో 60 వాట్ల పాత బల్బును మూసిపెట్టి గంటలకొలది వెలిగించినచో ఏమగునో, మా సాకెట్టునకు అదియే అయినది. తీగ కాలి విడిపోవుటతో ఆగినది గాని, బీరువాకు నిప్పంటుకొన్నచో ఆ గదిలో మంచముమీద నుండి లేవలేని మనిషి యుండెను. ఆ సంగతి తలంచుకొన్నప్పుడు నేటికిని మా ఒడలు జలదరించును.

ఆదివారము దుకాణములు మూసియుండును గదా, క్రొత్త సాకెట్టు ఎచ్చట దొరకునని మేము విచారించుచుండగా, అతడు సంచిలోనుండి ఒక 16 ఆంపియర్ల సాకెట్టును, దానికి తగిన ప్లగ్గును తీసి బల్లమీద నుంచెను. నిన్న మా యింటినుండి పోవుచు త్రోవలోనే కొనినాడట. “మీరు మఱచిపోవుదురేమో యని, సోమవారము వచ్చి నేనే వేయుద మనుకొంటిని” అనెను. కాలిన తీగ కొనను కత్తిరించి, మంచి రాగి కనబడువఱకు చెక్కి, మరలను గట్టిగా బిగించి, పలకను మూసెను. మీట యెత్తగనే స్టెబిలైజరు అంకెలు చూపెను. అయినను యంత్రము కదలలేదు. మా ముఖము మరల వాడెను. “మూడు నిమిషములు ఓర్చుకొనండి. ఆగిన కంప్రెసరు వెంటనే తిరుగరాదు. లోపలి గ్యాసు ఒత్తిడి రెండువైపులను సమానము కావలెను. అందుకే స్టెబిలైజరు కొంచెము ఆపి యిచ్చును” అనెను. మూడు నిమిషములకు డాబామీద వెలుపలి యంత్రము గుఱ్ఱుమనెను. సాయంకాలమునకు మా తల్లిగారు లేచి కూర్చుండి కాఫీ అడిగిరి.

అతడు సాకెట్టు ధరయు, తన కూలియు తీసికొనెను. మేము సిగ్గుచే అధికముగ ఇచ్చిన సొమ్మును లెక్కించి తిరిగి మా చేతిలో పెట్టెను. మేము మా తల్లిగారియెదుటను, మా కుమార్తెయెదుటను, “తప్పు మాది. నిన్ను అన్నమాటలు అనదగినవి కావు” అని చెప్పితిమి. మాట తూలినది వారు వినుచుండగనే కనుక, క్షమాపణయు వారు వినవలసియుండెను. అతడు పూర్వమువలెనే నేలచూపులు చూచి, “పెద్ద మాటలెందుకు మాస్టరుగారూ” అని చెప్పులు తొడుగుకొనెను.

ఇట్టి చిక్కు చదువరులలో ఎవరికైనను కలుగవచ్చును. కావున ఆ యువకునివలన తెలిసికొన్న క్రమమును ఇచ్చట వ్రాయుచున్నాము. యంత్రము బొత్తిగా పలుకనప్పుడు, మిక్కిలి సులభమైన కారణమునుండి వెదకుకొనుచు పోవలెను. రిమోటులో బ్యాటరీలు అయిపోయినవా, టైమరు పెట్టియున్నదా యని ముందు చూడవలెను. పిమ్మట ఎం. సి. బి. మీట పడియున్నచో ఒక్కమాఱు ఎత్తి చూడవచ్చును. రెండవమాఱు పడినచో ఎత్తరాదు. అది అపాయమును తెలుపు మాట. ప్లగ్గు వేడెక్కినను, నల్లబడినను, కమురు వాసన వచ్చినను మీట దించి పనివానిని పిలువవలెను. లోపలి యంత్రము గాలి విసరుచున్నను చల్లదనము లేనిచో, జాలీలు దుమ్ముతో మూసికొనిపోయినవేమో, వెలుపలి యంత్రము తిరుగుచున్నదో లేదో చూడవలెను. వెలుపలి యంత్రము మూలిగి మూలిగి ఆగుచున్నచో కెపాసిటరు చెడియుండవచ్చును. ఆ పెట్టెను మనము విప్పరాదు. కరెంటు తీసివేసిన తరువాతను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండి ప్రాణాపాయము కలిగించును. ఏసీ సాకెట్టును ఇతరములైన పనులకు వాడరాదు. అన్నిటికంటె ముందుగా, ఇంటిలోని వృద్ధులను, పసివారిని చల్లని చోటికి చేర్చవలెను. యంత్రము ఆగవచ్చును, మనిషి ఆగరాదు.

జూను మాసమున బడి తెఱచిన మొదటి వారములో, ఆ కాలిన సాకెట్టును తరగతికి తీసికొనిపోయి బల్లమీద నుంచితిమి. విద్యుద్వలయపు పాఠము చెప్పుచు, జరిగిన కథను ఏమియు దాచక చెప్పితిమి. ఒక్క రంధ్రములో టెస్టరు పెట్టి కరెంటున్నదని మేము నిశ్చయించిన విధమును, ఒక్క పక్షపు మాట విని, అదియు మా మనస్సు చెప్పిన మాటయే విని, ఒక నిరపరాధికి శిక్ష వేసిన విధమును చెప్పితిమి. పిల్లలు మొదట నవ్విరి. పిమ్మట నిశ్శబ్దముగా వినిరి. కడపటి బల్లమీది యొక బాలుడు లేచి, “ఆ అన్న ఇప్పుడెక్కడ పనిచేయుచున్నాడండి?” అని యడిగెను. ఆ సంవత్సరములో అతడు తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది.

ఆ సాకెట్టు ఇప్పుడు విజ్ఞానశాస్త్రపు గదిలో అలమారుమీద నున్నది. చూడగోరువారు వచ్చి చూడవచ్చును.